ఫోనా, ట్యాబా, వీఆర్ హెడ్‌సెట్టా: వార్డులో ఉన్న రోగి మనసుకు ఏది మేలు?

ఆక్యుపేషనల్ థెరపీ (రోగి తన రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా తోడ్పడే చికిత్స) విభాగానికి కాస్త నిధులు వచ్చిన ప్రతిసారీ తోటి థెరపిస్టులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: వారాల తరబడి మంచాన ఉండి మనసు కుంగిపోయిన రోగుల కోసం వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తొడిగితే వేరే చోట ఉన్నట్టు చూపించే పరికరం) కొనాలా, ట్యాబ్‌లు కొనాలా, లేక రోగి సొంత ఫోనుతోనే పని జరిపించాలా? మూడింటినీ వార్డులో వాడాను కనుక నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. పరికరం రోగికి ఎంతసేపు బాధ మరపించిందన్నది నాకు ముఖ్యం కాదు. ఇంటికి వెళ్లాక అతను మళ్లీ అందుకోవలసిన పనికి అది అతన్ని ఎంత దగ్గర చేసిందన్నదే ముఖ్యం.

వీఆర్‌ను నేను తేలికగా తీసిపారేయను. కాలిన గాయాలకు కట్లు మార్చేటప్పుడు రోగిని వీఆర్‌లో మంచు లోయలోకి తీసుకువెళ్లి నొప్పి మీది ధ్యాస మళ్లించే పద్ధతిని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్ బృందం ఎన్నో ఏళ్ల కిందటే రూపొందించింది. ఆక్స్‌ఫర్డ్‌లో డేనియల్ ఫ్రీమన్ బృందం సైకోసిస్ (భ్రమకూ వాస్తవానికీ తేడా తెలియని స్థితి) ఉండి బయటికి వెళ్లడానికి భయపడే 346 మందిపై వీఆర్ చికిత్సతో చేసిన పరిశోధన 2022లో వెలువడింది. బయటి ప్రపంచాన్ని అందరికన్నా ఎక్కువగా తప్పించుకు తిరిగేవారికే ఆ చికిత్స ఎక్కువ మేలు చేసింది. అయితే అందులోని వీధి, బస్సు, కాఫీ దుకాణం ఇంగ్లండువి. కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో కండక్టరు కేక విని గుండె దడదడలాడే మనిషికి ఆ నిశ్శబ్దపు బస్సు ఎంతవరకు అభ్యాసమవుతుంది? పైగా హెడ్‌సెట్ పెడితే కొందరికి తల తిరుగుతుంది, మూర్ఛవ్యాధి ఉన్నవారికి పెట్టకూడదు, ఒకరి ముఖం మీది నుంచి తీసి మరొకరికి పెట్టేముందు ప్రతిసారీ శుభ్రం చేయాలి. అన్నిటికన్నా పెద్ద లోటు, డిశ్చార్జి రోజున అది అలమరలోనే ఉండిపోతుంది.

ట్యాబ్ వార్డు సొత్తు కాబట్టి ఏం తెరవాలో, ఎంతసేపు చూడాలో మన అదుపులో ఉంటుంది. ఉన్మాద దశలో ఉన్నవారికి, ఫోనులోంచి ఎవరో తమను గమనిస్తున్నారని నమ్మేవారికి మొదట అదే ఇవ్వాలి. కాని మంచి యాప్‌లు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. పొలం పనితో కాయలు కాసి పొడిబారిన వేళ్లను తెర చాలాసార్లు గుర్తించదు కూడా. నాలుగుసార్లు నొక్కి, ‘నాకు రాదులే’ అని చెయ్యి వెనక్కి తీసుకున్న పెద్దాయనకు మనం మరో ఓటమిని రుచి చూపించినట్టే. స్టైలస్ (తెర మీద నొక్కే పెన్ను) ఇస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

కదలికలతో ఆడే ఆటలు, బొమ్మ జంతువుల రోబోలు కాలక్షేపానికి పనికొస్తాయి. నిధులు మిగిలితేనే వాటి సంగతి ఆలోచించాలి.

నా మొగ్గు ఫోను వైపే. కాలు విరిగి ఎముకల వార్డులో ఉన్న ఒకావిడ, జాకెట్లు కుట్టి ఇల్లు నడిపే మనిషి, అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకునేది. కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్ (తన పనులకు రోగే మార్కులు వేసే పద్ధతి) ప్రకారం అడిగితే, కుట్టుపని ప్రాముఖ్యానికి 10కి 10 వేసి, ఇప్పుడు ఎంత చేయగలుగుతున్నారన్నదానికి 1 వేసింది. ఆమె ఫోను కూతురి దగ్గర ఉంది, అందులో జాకెట్లు కుట్టించుకునేవారి వాయిస్ మెసేజ్‌లు విననివి గుట్టగా పడి ఉన్నాయి. రోజూ 11 గంటలకు ఒక్కటి విని ఒక్కదానికి జవాబు చెప్పాలన్నదే మేము పెట్టుకున్న పని. మొదటిరోజు మూడుసార్లు మాట్లాడి మూడుసార్లూ చెరిపేసింది. నాలుగోసారి, ‘పండగ లోపల ఇవ్వలేనమ్మా, గుడ్డ భద్రంగా ఉంది, రాగానే కుడతాను’ అని పంపి, దిండుకు ఆనుకుని కూర్చుంది. రెండో వారంలో కాగితం మీద మెడ డిజైను గీసి ఫొటో తీసి పంపింది. డిశ్చార్జి నాటికి ఏ జాకెట్టు ఎప్పుడివ్వాలో ఫోను క్యాలెండరులో అలారాలతో సహా తనే పెట్టుకుంది. వార్డులో మొదలైన ఆ వరుస ఇంటికి వెళ్లినా తెగలేదు. మిగతా రెండు పరికరాలూ ఇవ్వలేనిది ఇదే.

ఫోనుతో చిక్కులు లేకపోలేదు. అర్ధరాత్రి దాకా రీల్స్ చూస్తే నిద్ర చెడుతుంది, అప్పు యాప్‌ల వాళ్ల ఫోన్లు వస్తే పది రోజుల శ్రమ ఒక్క గంటలో పోతుంది. అయినా పూర్తిగా లాక్కోవడం సరికాదు: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 26వ సెక్షన్, ఆసుపత్రి నియమాలకు లోబడి సమంజసమైన వేళల్లో ఫోను మాట్లాడుకునే హక్కు మానసిక రోగులకు ఇచ్చింది. కాబట్టి వేళలు రాసి గోడకు అంటించండి. ఛార్జరు తీగ ప్రాణహాని కలిగించగలదు గనుక మానసిక వార్డులో ఛార్జింగు సిస్టర్ల గదిలోనే జరగాలి. నిధులతో ఫోను లేనివారి కోసం రెండు ట్యాబ్‌లు, నాలుగు స్టైలస్‌లు కొని, మిగిలిన డబ్బు వార్డులో వైఫైకి పెట్టండి.