ఆట కొన్నది ఆన్‌లైన్‌లో, తెచ్చుకున్నది బస్సులో

కంప్యూటర్ ఆటలు దుకాణంలోనే కొనమని చాలా ఏళ్లు తెలిసినవాళ్లందరికీ చెబుతూ వచ్చాను. పర్లాకిమిడిలో మా వీధి నెట్ నత్తనడక సంగతి ఎరిగినవాళ్లకు ఆ సలహా ఎందుకో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే పెట్టెలో ఆట ఉందో లేదో కనుక్కుని మరీ కొనాలి.

2015లో జీటీఏ 5 కంప్యూటర్‌కు వచ్చినప్పుడు పెట్టెలో ఏడు డీవీడీలు ఇచ్చారు. ఒకటి తీసి ఇంకొకటి పెడుతూ సాయంత్రమంతా కూర్చోవలసి వచ్చినా, ఆట ఇంటికి వచ్చిందన్న తృప్తి ఉండేది. అదే ఏడాది మెటల్ గేర్ సాలిడ్ 5 డిస్కులో ఉన్నది స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణపు ఇన్‌స్టాలర్ మాత్రమే, దాదాపు 8 ఎంబీలు; ఆట మొత్తం నెట్‌లోంచే దించుకోవాలి. ఆ తర్వాత బరంపురంలో నేను కొన్న వేరే ఆట పెట్టెలో అసలు డిస్కే లేదు, కోడ్ అచ్చువేసిన చీటీ ఉంది. వెనక్కి ఇవ్వబోతే "సీలు తీశాక తీసుకోం బాబూ" అన్నారు. స్టీమ్‌లో నేరుగా కొంటే 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకపోతే, డబ్బు వాపసు అడగవచ్చు.

సరే, ఆ కోడ్ స్టీమ్‌లో కొట్టి ఇన్‌స్టాల్ నొక్కితే మిగిలిన సమయం రోజుల లెక్కన చూపించింది. బరంపురంలో మా పిన్ని కొడుక్కి ఫైబర్ నెట్ ఉంది, అదే ఆట కూడా ఉంది. తమ్ముడు తన కంప్యూటర్‌లో స్టీమ్ ఆటలను దాచే చోటు, అంటే స్టీమ్‌యాప్స్ లోపలి కామన్ ఫోల్డర్ తెరిచి, ఆట పేరున్న ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్ డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. దాన్ని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఇంటికి వచ్చి, సగంలో ఆగిన డౌన్‌లోడ్‌ను తీసేసి, ఆ ఫోల్డర్‌ను నా కంప్యూటర్‌లో అదే చోట పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ నొక్కాను. స్టీమ్ కొత్తగా దించడం మొదలుపెట్టలేదు! ఉన్న ఫైళ్లను సరిచూసుకుని, తక్కువైన కొంచెం మాత్రమే దించుకుంది. ఆ రాత్రే ఆడాను. ఇంత మంచి సౌకర్యం గురించి నాకు ఏ దుకాణంలోనూ ఎవరూ చెప్పలేదు. ఒక్క జాగ్రత్త: హార్డ్ డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ముందే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లోకి మార్చుకోండి.

అన్ని ఆటలూ ఇలా లొంగవు. కొన్ని తమ సొంత లాగిన్ కూడా అడుగుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లాక మా ఇంటికి కరెంటు వచ్చినా నెట్ రాలేదు. అలాంటి ఆట ఒకటి ఎంతకీ తెరుచుకోలేదు. ఏ లాగినూ అడగని పాత డీవీడీ ఆటలతోనే పిల్లలకు కాలక్షేపమైంది.

నేను ఒంటరిగా ఆడే ఆటలే ఆడతాను, పైగా బరంపురంలో తమ్ముడున్నాడు. అందుకని కొత్తవి ఆన్‌లైన్‌లోనే కొంటున్నాను. ఆ వెసులుబాటు లేనివాళ్లకు ఇదే మేలని చెప్పలేను. పాత ఆటలు డిస్కుతో దొరికితే మాత్రం వదలకండి. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి డీవీడీ డ్రైవ్ ఉండటం లేదు కాబట్టి, యూఎస్‌బీకి తగిలించేది విడిగా కొనుక్కోవాలి.