వివాదాల ద్వారా రాజ్యాంగం: ఒక ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

అమెరికా ప్రభుత్వ వ్యవస్థ, రాజ్యాంగ న్యాయాల మౌలికాంశాలపై అక్కడి విశ్వవిద్యాలయం ఒకటి అందిస్తున్న ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సును ఇటీవలే పూర్తి చేశాను. లోపాలను కూడా ప్రస్తావిస్తున్నాను కనుక సంస్థ పేరు రాయడం లేదు. వీడియో పాఠాలు ఉచితం; ధ్రువపత్రం కోరుకునేవారు మాత్రం రుసుము చెల్లించాలి.

ఈ కోర్సు నిర్వచనాలతో కాక ఒక వ్యాజ్యంతో మొదలవుతుంది. బాల్టిమోర్ రేవులో జాన్ బ్యారన్‌కు ఓడలు నిలిపి సరుకు దించుకునే కట్ట ఒకటి ఉండేది. నగర పాలకులు వీధుల పనుల కోసం వాగుల దారి మళ్లించడంతో ఇసుక కొట్టుకొచ్చి కట్ట పక్కన మేటవేసింది, నీటి లోతు తగ్గింది, ఓడలు రావడం మానేశాయి. ప్రజావసరానికి ఆస్తిని తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలని అయిదో సవరణ చెబుతోంది గదా అని ఆయన కోర్టుకెక్కితే, ఆ హక్కులు కేంద్ర ప్రభుత్వానికి వేసిన కళ్లాలే తప్ప రాష్ట్రాలకూ నగరాలకూ వర్తించవని 1833లో సుప్రీంకోర్టు తేల్చేసింది. రాజ్యాంగం ఎవరిని కట్టడి చేస్తుందన్న ప్రశ్నను విద్యార్థి మనసులో నాటడానికి ఇంతకన్న మంచి కథ దొరకదు. అక్కడి నుంచి పాఠం 1868 నాటి పద్నాలుగో సవరణకు వెళ్లి, దాని ఆధారంగా పరిహారపు హక్కు 1897లోనూ, వాక్‌స్వేచ్ఛ 1925లోనూ, ఆయుధాలు కలిగి ఉండే హక్కు 2010లోనూ రాష్ట్రాలకు వర్తించిన తీరును ఒక్కొక్క తీర్పుగా విప్పి చూపుతుంది. వాక్‌స్వేచ్ఛను కాపాడే మొదటి సవరణ ‘కాంగ్రెస్’ (అమెరికా చట్టసభ) అన్న మాటతోనే మొదలవుతుందని గుర్తుచేసి, ప్రైవేటు సంస్థ తన ఉద్యోగి నోరు నొక్కినా ఆ సవరణ కింద కేసు ఎందుకు నిలవదో వివరించిన పది నిమిషాల కోసమైనా ఈ కోర్సు వినవచ్చు.

సమాఖ్య వ్యవస్థపై పాఠాలు కూడా ఇదే పద్ధతిలో సాగుతాయి. ఓహాయో రైతు రోస్కో ఫిల్‌బర్న్‌కు కేంద్ర చట్టం కింద 11.1 ఎకరాల్లో గోధుమ వేసుకోవడానికి అనుమతి ఉంటే ఆయన 23 ఎకరాల్లో వేశాడు. 117.11 డాలర్ల జరిమానా పడింది. అదనపు పంట తన పొలంలోనే వాడకానికి గదా, కేంద్రం నియంత్రించగల రాష్ట్రాల మధ్య వాణిజ్యం ఇందులో ఎక్కడుందన్న ఆయన వాదనను 1942లో న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తోసిపుచ్చారు. ఒక్క రైతు వాడకం స్వల్పమే కావచ్చు గాని, అందరి వాడకం కలిస్తే దేశవ్యాప్తంగా ధరలపై ప్రభావం చూపుతుందని వారి తర్కం. ఆ తర్కానికి హద్దు ఎక్కడన్న ప్రశ్నను గాలికి వదిలేయకుండా, పాఠశాలల దగ్గర తుపాకులను నిషేధించిన కేంద్ర చట్టాన్ని 1995లో కొట్టివేసిన తీర్పును పక్కనే నిలబెట్టడం బోధకుడి నేర్పు. అధ్యక్షుడి అధికారాల విషయంలో 1952లో ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకుని కోర్టులో ఓడిపోయిన ఉదంతాన్ని ఎంచుకున్నారు. కాంగ్రెస్ అనుమతితో చేసే పనికీ, కాంగ్రెస్ మౌనంగా ఉండగా చేసే పనికీ, దాని అభిమతానికి విరుద్ధంగా చేసే పనికీ న్యాయమూర్తి జాక్సన్ చూపిన తేడా తేటగా అర్థమవుతుంది.

రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాలను కోర్టులు కొట్టివేయగల న్యాయసమీక్షకు పునాది వేసిన 1803 నాటి మార్బరీ తీర్పును మాత్రం కేవలం ఘనకార్యంగా వర్ణించి వదిలేశారు. కేసు వేసిన మార్బరీకి న్యాయాధికారిగా నియామక పత్రం అందజేయకుండా వదిలేసిన అప్పటి విదేశాంగ మంత్రీ, తర్వాత ప్రధాన న్యాయమూర్తిగా ఆ కేసులో తీర్పు రాసిన వ్యక్తీ జాన్ మార్షలే. ఈ సంగతి చెప్పి ఉంటే పాఠం రక్తి కట్టేది. రాష్ట్రాలకు సొంత రాజ్యాంగాలున్నాయని ఒక్క వాక్యంలో ముగించడం ఇంకొక కొరత. అక్కడ సామాన్యుడికి నిత్యం ఎదురయ్యే చట్టాల్లో చాలావరకు రాష్ట్రాలవే.

అసలు ఇబ్బంది ఏడో వారంలో ఉంది. పాఠాలు రికార్డు చేసి కొన్నేళ్లయినట్టుంది. చట్టంలో స్పష్టత లేని చోట ప్రభుత్వ విభాగం చెప్పే సహేతుకమైన భాష్యాన్ని కోర్టులు అంగీకరించాలన్న 1984 నాటి షెవ్రాన్ సూత్రాన్ని అందులో నేటికీ అమల్లో ఉన్నట్టే బోధిస్తున్నారు. 2024 జూన్ 28న లోపర్ బ్రైట్ కేసులో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని రద్దు చేసి, చట్టానికి అర్థం చెప్పడం న్యాయమూర్తుల స్వతంత్ర విచక్షణకు చెందిన పని అని ప్రకటించింది. గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి రో తీర్పును 2022లో డాబ్స్ తీర్పు తోసిరాజన్న విషయాన్ని వీడియో కింద చిన్న గమనికగా చేర్చారు గాని, షెవ్రాన్‌కు ఆ పాటి గమనిక కూడా లేదు. కొత్తగా నేర్చుకునేవారు ఏడో వారాన్ని పక్కనబెట్టి, సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా లభించే 2024 తీర్పులోని తొలి సారాంశాన్ని చదువుకోవడం మేలు.

ఆ వారం పరీక్షలో షెవ్రాన్ ఇప్పుడు చెల్లదన్న జవాబును నేను ఎంచుకుంటే తప్పుగా గుర్తించారు. తీర్పు తేదీతో సహా రాసి పంపి నెల దాటింది. మార్కూ రాలేదు, ప్రశ్నా మారలేదు.