పదకొండేళ్ళుగా నా చూపుడువేలికి ఉన్న టోపాజ్

చెన్నైలోని టి. నగర్‌లో ఒక నగల దుకాణంలో 2013లో కొన్న పసుపు రాయి ఉంగరాన్ని పదకొండేళ్ళకు పైగా రోజూ ధరించిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. అమ్మినవారు దానిని పుష్యరాగమనే చెప్పారు. గురుగ్రహానికి చెప్పిన రత్నం కనుక మా అమ్మ కోరిక మేరకు ఒక గురువారం పూజ చేయించి చూపుడువేలికి పెట్టుకున్నాను.

రెండేళ్ళ తరువాత రత్న పరీక్షశాలలో చూపించినప్పుడు, అది నవరత్నాలలోని కనకపుష్యరాగం కాదనీ టోపాజ్ అనీ రాసి ఇచ్చారు. కనకపుష్యరాగం కెంపు, నీలాల జాతికి చెందిన కురువిందం. టోపాజ్ అల్యూమినియం, సిలికాన్, ఫ్లోరిన్ ప్రధానంగా ఉన్న వేరే ఖనిజం. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంపై మొదటిది 9, రెండవది 8. బిల్లుపై రెండు రాళ్ళకూ వాడే ‘పుష్యరాగం’ అనే పేరు మాత్రమే ఉండడం వల్ల, రెండింటి ధరలో ఎంతో తేడా ఉన్నా, దుకాణాన్ని నిలదీయలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అయితే అది అమ్మిన తీరు మీద ఉన్న బాధే తప్ప రాయి మీద కాదు.

రాయి విషయానికి వస్తే, తేనె రంగు ఏమాత్రం వెలవెలబోలేదు. గోధుమ రంగు టోపాజ్‌లు కొన్ని ఎండకు వెలిసిపోతాయని తెలిశాక కొన్నాళ్ళు భయపడ్డాను కానీ, మెరీనా ఎండలో ఎన్ని సాయంత్రాలు తిరిగినా నా రాయికి ఆ గతి పట్టలేదు. మెరుగు కూడా అలాగే ఉంది. వేలితో తడిమితే ఇప్పటికీ నున్నగా జారుతుంది. దుమ్ములో ఉండే ఇసుక రేణువుల గట్టిదనం 7 మాత్రమే కావడం వల్ల పైముఖంపై గీతలు దాదాపు లేవు.

దీని బలహీనత గట్టిదనంలో లేదు, చీలికలో ఉంది. టోపాజ్ స్ఫటికం ఒకే దిశలో, పలక విడిపోయినట్లు, నున్నగా చీలుతుంది. 2019లో వంటింటి గ్రానైట్ గట్టుకు చేయి తగిలి ఉంగరం ఠంగుమంది. పైకి ఏమీ కనిపించలేదు కానీ, దీపం కింద వాల్చి చూస్తే లోపల గోరంత అద్దంముక్కలాంటి పొర, దానిలో ఇంద్రధనుస్సు రంగులు కనిపించాయి. అప్పటి నుంచి కంపనాలతో పనిచేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో శుభ్రం చేయించడం మానేసి, గోరువెచ్చని సబ్బునీరు, మెత్తని బ్రష్ వాడుతున్నాను. రాయి చుట్టూ బంగారు అంచు కట్టించాను.

కొనదలచిన వారు రంగుల సంగతి కూడా తెలుసుకోవాలి. అంగళ్ళలో కనిపించే ముదురు నీలి టోపాజ్‌లో దాదాపు అంతా రంగులేని రాయికి వికిరణం, ఆపై వేడి పెట్టి తెచ్చినదే. ఆ రంగు నిలుస్తుంది. హరివిల్లులా మెరిసే రకానికి మాత్రం పైపూత ఉంటుంది, అది గీసుకుపోతుంది. సహజంగా ఎర్రటి నారింజ ఛాయ గల ‘ఇంపీరియల్’ రకం బ్రెజిల్‌లోని ఓరో ప్రెటో ప్రాంతానిది, దాని ధర వేరు. పసుపు సిట్రీన్‌ను కూడా టోపాజ్ పేరుతో అమ్ముతారు. అది స్ఫటికశిల (క్వార్ట్జ్), చేతిలో పెట్టుకుంటే అంతే పరిమాణంలో ఉన్న టోపాజ్ కంటే తేలికగా ఉంటుంది.

ఈ పేర్ల గందరగోళం ఈనాటిది కాదు. ఎర్రసముద్రంలోని టోపాజియోస్ ద్వీపం పేరు మీద టోపాజ్ అన్నారంటారు, కానీ అక్కడ తవ్వింది పెరిడాట్ అనే వేరే ఆకుపచ్చ రాయి. మరి కొందరు ఆ మాటను సంస్కృతంలో వేడి అనే అర్థం గల ‘తపస్’తో ముడిపెడతారు.

అమ్మకు నిజం చెప్పినప్పుడు, “గురువారం పెట్టుకున్నావు కదా, తీయకు నాన్నా” అంది. తీయలేదు. గ్రానైట్ గట్టు దగ్గర మాత్రం ఉంగరం విప్పి చిన్న ఇత్తడి గిన్నెలో వేస్తాను.