పౌడర్ కోటింగ్ అని డబ్బు తీసుకుని స్ప్రే డబ్బా కొట్టి ఇస్తున్నాడు, జాగ్రత్త!

వైజాగ్‌లో పాత బండ్ల పార్టులు పౌడర్ కోటింగ్‌కి (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) ఇద్దామనుకుంటున్న వాళ్లు ఇది చదివాకే డబ్బు పంపండి. గాజువాక వైపు షెడ్డు. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. తుప్పు పట్టిన బ్రాకెట్ ఒక చేత్తో, నల్లగా నిగనిగలాడే బ్రాకెట్ ఇంకో చేత్తో పట్టుకుని రీల్స్ పెడుతుంటాడే, ఆ మహానుభావుడే. మీలో సగం మంది వాటికి లైకులు కొట్టే ఉంటారు. నేనూ కొట్టాను, సిగ్గు లేకుండా.

నా మారుతి జిప్సీ జీపుకి పవర్ స్టీరింగ్ పెట్టిస్తున్నాను. ముందు భాగమంతా ఎలాగూ విప్పారు కదా, బయటికొచ్చిన బ్రాకెట్లు, బంపర్ పట్టీలు, బ్యాటరీ ట్రే అన్నీ ఒకేసారి కోటింగ్ చేయించేస్తే గొడవ వదిలిపోతుందనుకున్నా. సముద్రం పక్క ఊళ్లో ఇనుము గతి ఏమిటో మీకు చెప్పాలా? స్క్రూ డ్రైవర్‌తో గోకితే తుప్పు పొరలు పొరలుగా రాలుతోంది. లోపల ఇనుము మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

ఆయన చెప్పిన కథ వినండి. ముందు శాండ్ బ్లాస్టింగ్‌తో (జోరుగా ఇసుక కొట్టి) తుప్పంతా లేపేస్తారట. తర్వాత ఫాస్ఫేటింగ్ (పెయింట్ బాగా పట్టుకునేలా ఇనుముకు వేసే రసాయన పూత), దాని మీద జింక్ ప్రైమర్, ఆపైన పౌడర్ కొట్టి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర కాల్చి ఇస్తారట. "పదేళ్లు అటు చూడక్కర్లేదు సార్" అన్నాడు. 4,800 రూపాయలు, మొత్తం ముందే యూపీఐలో. బిల్లు ఇమ్మంటే "మన మధ్య బిల్లేంటి సార్" అన్నాడు. ఆ ఆప్యాయతకి మురిసిపోయి వచ్చేశాను.

ఇస్తానన్న తేదీ జరగడం, ఫోన్ ఎత్తకపోవడం మామూలే, అవి వదిలేయండి. చివరికి న్యూస్ పేపర్‌లో చుట్టి ఇచ్చాడు. చూస్తే నిజంగానే కొత్తవాటిలా ఉన్నాయి. బ్యాటరీ ట్రే లేదేంటని అడిగితే రేపు పంపిస్తానన్నాడు.

మా మెకానిక్ బాబాయ్ ఆల్టర్నేటర్ బ్రాకెట్ బిగించబోతుంటే దాని మీద చేతి గ్రీజు అంటుకుంది. కాటన్ వేస్ట్‌ని థిన్నర్‌లో ముంచి తుడిచాడు. వేస్ట్ నల్లగా అయింది. గ్రీజే అనుకున్నాం. మళ్లీ తుడిచాడు. ఈసారి బ్రాకెట్ మూల దగ్గర నలుపు పోయి కింద నుంచి ఎర్రగా తుప్పు కనిపించింది. ప్రైమర్ లేదు, జింకూ లేదు, ఏమీ లేదు. బాబాయ్ ఆ వేస్ట్ నా చేతిలో పెట్టి, "కాల్చిన పౌడరు ఇలా ఒక్క తుడుపుకి రాదు బాబూ. ఇది డబ్బా పెయింటు" అన్నాడు.

అప్పుడు మిగతావి కూడా పట్టి చూశాం. రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన చోట, ఆ సందుల్లోంచి పచ్చగా నీరు కారిన చారలు. శాండ్ బ్లాస్టింగ్ కాదు, యాసిడ్‌లో ముంచి తీశాడన్నమాట. సందులో చిక్కుకున్న యాసిడ్ సరిగ్గా కడగకపోతే పైన ఎంత పెయింట్ వేసినా లోపల ఇనుమును తింటూనే ఉంటుంది. అంటే నేను డబ్బిచ్చి మరీ కొత్త తుప్పు కొనుక్కున్నాను!

ఇంతకన్నా ఒళ్లు మండేది బోల్టుల సంగతి. పార్టులతో పాటు ఇచ్చిన బోల్టులు కూడా అదే యాసిడ్‌లో పడేశాడు. వాటిలో తల మీద 10.9 అని ఉన్న హై టెన్సైల్ బోల్టులున్నాయి. అలాంటి గట్టి ఉక్కును యాసిడ్‌లో నానబెడితే హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసుగా మారే ప్రమాదం ఉంది. బిగించినప్పుడు బాగానే ఉంటుంది, తర్వాతెప్పుడో చెప్పాపెట్టకుండా పుటుక్కుమంటుంది. స్టీరింగ్ దగ్గర అలాంటి బోల్టు పెట్టుకుని ఘాట్ రోడ్డు దిగాలా? అన్నీ పారేసి కొత్తవి కొన్నాను. ఆ ఖర్చు వేరే.

బ్రాకెట్, ఆ కాటన్ వేస్ట్ రెండూ కవర్లో వేసుకుని షెడ్డుకి వెళ్లాను. బల్ల మీద పెట్టాను. ఫోన్ చూసుకుంటూనే "థిన్నర్ వేస్తే ఏదైనా పోతుంది సార్" అన్నాడు. అయితే మీ రీల్లో తిప్పే పీసు తెండి, దాని మీద కూడా రుద్దుదాం అన్నాను. అప్పుడు తలెత్తాడు. పక్కనున్న కుర్రాడి వైపు చూసి కన్ను గీటి, "బానెట్ కింద ఉండే ముక్క సార్ ఇది. రోజూ బానెట్ ఎత్తి ఊరేగిస్తారా ఏంటి?" అన్నాడు.

కుర్రాడు నవ్వాడు. బైక్ రిమ్ములు ఇవ్వడానికొచ్చిన ఇద్దరు కూడా నవ్వారు. పాపం, తర్వాతి వంతు వాళ్లదే.

మీ ఓవెన్ చూపించండి అన్నాను. ఓవెన్ ఉంది, లేదనను. దాని తలుపుకి అడ్డంగా పాత టైర్లు పేర్చి ఉన్నాయి, వాటి మీద దుమ్ము. పక్కన గోనె సంచి నిండా ఖాళీ స్ప్రే డబ్బాలు. ఇదేంటంటే, "ఓవెన్ రిపేరు సార్. మీరు తొందర పెట్టారు కదా, మీ కోసమే చేత్తో కొట్టించాం" అన్నాడు. తొందర పెట్టింది నేనట! ఫోన్ ఎత్తనివాడిని ఎలా తొందర పెట్టానో ఇప్పటికీ అర్థం కాలేదు. డబ్బు వెనక్కి అడిగితే "లేబర్ అయిపోయింది సార్, లేబర్ వెనక్కెలా వస్తుంది" అని మళ్లీ ఫోన్లో తల పెట్టేశాడు.

ఇప్పుడా బ్రాకెట్లన్నీ పెయింట్ గీకేసి, యాసిడ్ విరగడానికి వంట సోడా నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, వైర్ బ్రష్ పట్టి ఎపాక్సీ ప్రైమర్ వేస్తున్నాం. మొదటే ఇలా చేసుంటే చాలా తక్కువలో అయిపోయేది. యూపీఐ స్క్రీన్‌షాట్, ఫొటోలు పెట్టి 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను.

మీరు ఎవరి దగ్గర చేయించినా సరే, బ్లాస్టింగ్ అయ్యాక కోటింగ్‌కి ముందు ఒకసారి వెళ్లి తెల్లటి ఇనుము కళ్లారా చూడండి. మరలకు, ఎర్త్ వైరు బిగించే చోట పూత అంటకుండా టేపు వేసి మాస్కింగ్ చేయమని చెప్పండి. బోల్టులు అసలు ఇవ్వకండి. సరుకు తీసుకునేటప్పుడు జేబులో చిన్న థిన్నర్ సీసా ఉంచుకుని, రుద్ది చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.

అన్నట్టు, నా బ్యాటరీ ట్రే ఇంకా అక్కడే ఉంది. కుడి మూల మీద పసుపు పెయింట్ మరక ఉంటుంది. ఎవరైనా అటు వెళ్తే ఓ కన్నేసి, అమ్మకానికి పెట్టాడేమో చెప్పండి.