అమ్మమ్మ గిల్టు చంద్రహారం పట్టుకుని బందరు వెళ్ళొచ్చాం

పోయిన నెల పిన్నీ నేనూ బెజవాడ నుంచి బందరు వెళ్ళాం, దాదాపు 70 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటల పైనే పట్టింది. ఎందుకంటే అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఆవిడ గిల్టు చంద్రహారం, కెంపురాళ్ళ బుట్టకమ్మలు దొరికాయి, పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో పెట్టుకున్నవే. మోచేతి దాకా జాకెట్టు, వాలుజడ, ఓరచూపు, మా అమ్మ తనే సావిత్రి అనుకుందే అని పిన్ని ఒకటే నవ్వు. సరే మెరుగు పెట్టిద్దాం అని బందరులోనే ఉన్న చిలకలపూడి బయల్దేరాం, రోల్డ్‌గోల్డ్ అంటే ఆ ఊరే కదా.

లాడ్జి 1200, ఏసీ ఓకే, వేడినీళ్ళు ఎనిమిదింటికే బంద్, అద్దం దగ్గర లైటు లేదు. నగలు చూసుకుందామని పోయినవాళ్ళకి అంతకన్నా బాధ ఏముంటుంది!

మొదటి షాపు పెద్దదే గానీ అంతా వన్ గ్రామ్, హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరికే టెంపుల్ డిజైన్లు, ఆ పసుపు రంగు కళ్ళల్లో గుచ్చుకుంటుంది. పాత మోడల్ ఉందా అంటే ఫోన్లో ఫొటోలు చూపిస్తాడు. రెండోది చిన్న కొట్టు, వెనకే పని చేసుకుంటున్నారు. అక్కడి పెద్దాయన భూతద్దం పెట్టి చూసి "దీనికి మెరుగెందుకమ్మా, పాడుచేసుకుంటారు" అన్నాడు. పాత రోల్డ్‌గోల్డ్ అంటే రాగి మీద బంగారు రేకు వేడితో అతికించి రోలర్ల మధ్య సాగదీసేవాళ్ళట, ఇప్పుడు తొట్టిలో ముంచి కరెంటుతో ఎక్కించే పొర దానిముందు చాలా పల్చన. పైగా కెంపుల కింద తళుకు రేకు ఉంటుంది, తడి దూరిందంటే రాయి నల్లబడి చచ్చిపోతుంది, ముంచాలంటే రాళ్ళన్నీ ఊడదీయాల్సిందే. కమ్మల మరలు అరిగిపోతే అవి మాత్రం మార్చి 150 తీసుకున్నాడు. బేరం పోగొట్టుకుని మరీ నిజం చెప్పాడు, నా ఓటు ఆ కొట్టుకే.

పాండురంగస్వామి గుడి పది నిమిషాల్లో అయింది. మంగినపూడి బీచ్‌లో ఇసుక కన్నా నల్లమట్టే ఎక్కువ, చెప్పులు చేతిలో పట్టుకోవాల్సిందే. పిన్ని అక్కడే హారం వేసుకుని ఫొటో అంది, ఉప్పుగాలికి రాగి ఆకుపచ్చగా చిలుం పడుతుంది వద్దన్నా వినలేదు, అమ్మమ్మలాగే ఓరగా చూస్తూ నిలబడింది. లాడ్జికి రాగానే మెత్తటి గుడ్డతో తుడిచి కాగితంలో చుట్టేశాం, ఆ ఫొటో ఇప్పుడు ఆవిడ డీపీ.