పెద్దల పుల్-అప్ డైపర్లు: బీసీజీ రోజుల్లో వాడి చూశాక

మూత్రాశయ క్యాన్సర్‌కి నాకు బీసీజీ మందు (టీబీ టీకాలో వాడే, బలహీనపరచిన బతికున్న బ్యాక్టీరియా) గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కిస్తున్నారు. వారానికోసారి, 6 వారాల కోర్సు. మందు పడిన సాయంత్రం మొదలవుతుంది తంతు: మంట, ఉన్నట్టుండి అర్జెంటు. బాత్రూమ్ గడియ తీసేలోపే నాలుగు చుక్కలు జారిపోతాయి. ఆ టెన్షన్ పడలేక ప్యాంటులా కాళ్ల మీంచి ఎక్కించుకునే ఈ పుల్-అప్ డైపర్లు తెప్పించాను.

పీల్చుకోవడంలో వంక పెట్టడానికి లేదు. రాత్రంతా వేసుకున్నా పక్క తడవలేదు. లోపలి పొర తెల్లగా ఉండటం ఇంకో లాభం. ఒకరోజు పొద్దున లేత గులాబీ మరక కనబడితే వెంటనే నర్సుకి ఫోన్ చేశాను. కొద్దిగా రక్తం మామూలేనట, గడ్డలు పడినా జ్వరం బాగా వచ్చినా ఆగకుండా రమ్మంది.

ఇక తిట్లు. తొడల దగ్గర అంచు ఒరుసుకుంటుంది, అసలే మండుతున్న చోట ఇదొకటి! పాతది పక్కల చించి తీసేయొచ్చు, బాగానే ఉంది. కొత్తది వేసుకోవాలంటే మాత్రం ప్యాంటు మొత్తం విప్పాల్సిందే. బయటి టాయిలెట్‌లో, తడి నేల మీద, ఒంటికాలి మీద ఆ విన్యాసం నా వల్ల కాదు. బయటికెళ్తే లోదుస్తుల్లో అంటించుకునే మగవాళ్ల ప్యాడ్ నయం.

మందుని మూత్రంతో బయటికి వదిలాక మొదటి 6 గంటల్లో డైపర్ తడిస్తే, అందులో ఆ బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి, అలాగే చెత్తలో పడేయకండి. కవర్‌లో వేసి, బ్లీచ్ పోసి, గట్టిగా మూతికట్టి పారేయమన్నారు. ప్యాకెట్ మీద ఆ ముక్క ఎక్కడా ఉండదు.

రాత్రులకి 4 స్టార్లు, పగటికి 2.