శాలువాలు లేని సహాయార్థ ప్రదర్శన

హనుమకొండలో మైకు సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం నాది. సహాయార్థ ప్రదర్శన అనగానే నాకు గుర్తొచ్చేవి వేదిక మీది కుర్చీలు. ముఖ్య అతిథి ఆలస్యం, ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, ‘రెండే మాటలు’ అంటూ అరగంట ప్రసంగాలు. గాయకుడి చేతికి మైకు అందేసరికి సగం జనం బస్సు కోసం లేచిపోతారు. అందుకే, మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కోసం లండన్‌లో జరిగిన ‘సీక్రెట్ పోలీస్‌మన్స్ బాల్’ ప్రదర్శనల డీవీడీ పెట్టెను మా మేనల్లుడు పంపితే, వేదిక మీద ఎవరు ఎంతసేపు మాట్లాడతారోనని గడియారం పక్కన పెట్టుకుని చూశాను. దాని అవసరమే రాలేదు.

మొదటిది 1976 ఏప్రిల్‌లో, హర్ మెజెస్టీస్ థియేటర్‌లో. హాస్యనటుడు జాన్ క్లీస్ తన స్నేహితులను కూడగట్టాడు. రాత్రి బాగా పొద్దుపోయాక మొదలుపెట్టి మూడు రాత్రులు ఆడారు. రిహార్సల్స్ కూడా చిత్రీకరించారు. పేరున్న నటులు ఒక్క మాట ఎక్కడ విరవాలో తేల్చుకోలేక తంటాలు పడుతుంటే చూడటం నాకు అసలు ప్రదర్శన కన్నా ఎక్కువ నచ్చింది.

పెట్టె ఖరీదంతా 1979 జూన్ నాటి ప్రదర్శనలోనే ఉంది. మొదటి రాత్రి చూసిన విమర్శకుడొకరు ఇందులో వ్యంగ్యానికి పదును లేదని పెదవి విరిచారట. హాస్యనటుడు పీటర్ కుక్‌కు రోషం వచ్చి వెంటనే కొత్త అంకం రాసుకొచ్చాడు. లిబరల్ పార్టీ మాజీ నాయకుడు జెరెమీ థోర్ప్, హత్యకు కుట్ర పన్నాడన్న కేసులో నిర్దోషిగా బయటపడి అప్పటికి వారం తిరిగిందో లేదో! ఆ కేసులో న్యాయమూర్తి జ్యూరీకి చేసిన ప్రసంగం ఏకపక్షంగా ఉందని ఊరంతా గుసగుస. కుక్ ఆ న్యాయమూర్తిగా కూర్చుని, సాక్షులను ఒక్కొక్కరినే మర్యాదగా చీల్చి చెండాడి, చివరికి జ్యూరీని లోపలికి వెళ్లి తమ ‘నిర్దోషి’ తీర్పు గురించి జాగ్రత్తగా ఆలోచించుకోమంటాడు. గాంభీర్యం ఏమాత్రం చెదరదు. మానవ హక్కుల మాట ఒక్కటీ ఎత్తకుండానే న్యాయం ఎలా తప్పుతుందో చూపించేశాడు.

అదే వేదిక మీద రాక్ సంగీతకారుడు పీట్ టౌన్‌షెండ్ ఒక్క గిటారుతో పాడాడు. పెద్ద బ్యాండు లేదు, గోడకట్టిన స్పీకర్లు లేవు. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ ఊరివాళ్లం, ఒక్క మైకు, ఒక్క గొంతు ఎంత పని చేస్తాయో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1981లో గాయకుడు స్టింగ్ కూడా అలాగే ఒంటరిగా నిలబడ్డాడు. ఇక్కడి నుంచే దారి స్టేడియాలకు మళ్లింది: ఆమ్నెస్టీ కోసమే 1986లో అమెరికాలో ఆరు కచేరీలు, 1988లో ప్రపంచ యాత్ర. ఆ యాత్ర సెప్టెంబరు 30న ఢిల్లీకీ వచ్చింది.

హక్కుల కోసం నిలబడ్డ డాక్టర్ రామనాథంను 1985లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపిన ఊరు వరంగల్. హక్కుల నాయకుడు బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పింది ఇక్కడే. హక్కుల సభలకు నేనూ మైకులు కట్టాను. డప్పు ఉంటుంది, పాట ఉంటుంది, గొంతు పూడుకుపోయే ప్రసంగం ఉంటుంది. హాస్యం మాత్రం చూడలేదు. కారణం తెలుసు, తప్పు పట్టను. కానీ కుక్ లాంటి ఒక న్యాయమూర్తి వేషం మన వేదిక ఎక్కితే టికెట్టు కొని మొదటి వరుసలో కూర్చుంటాను. (మైకు అద్దె మాత్రం ఇవ్వాల్సిందే.)

లోపాలూ ఉన్నాయి. 1987 నాటి ప్రదర్శనలో హంగు పెరిగింది, అల్లరి తగ్గింది. కేట్ బుష్ పాట వరకు చూసి ఆపేసినా నష్టం లేదు. చాలా హాస్యం ఆనాటి ఇంగ్లండ్ వార్తలు తెలిస్తేనే ఎక్కుతుంది. థోర్ప్ కేసు గురించి ముందే నాలుగు ముక్కలు చదువుకోండి. కొనేముందు డిస్కు మీద రీజియన్ కోడ్ కూడా చూసుకోండి. మన దేశానిది 5, వేరే అంకె ఉంటే ఇక్కడి ప్లేయర్లు మొరాయించవచ్చు.

తీరిక ఉన్నవారు మా దుకాణానికి వస్తే మంచి స్పీకర్ల మీద వినిపిస్తాను. పెన్‌డ్రైవ్ మాత్రం తెచ్చుకోకండి.